బిల్లింగ్ కోడ్‌లో చిక్కును కొలవడం, విప్పడం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ బట్టల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు రాష్ట్ర సరిహద్దు కోడ్‌లోనే కనిపిస్తుంది. బరంపురం షాపు అదే రాష్ట్రంలోని ఛత్రపురం వ్యాపారికి సరుకు పంపితే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ పడతాయి. పక్కనే ఉన్నా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చే ఇచ్ఛాపురం వ్యాపారికి పంపితే రాష్ట్రాల మధ్య పన్ను ఐజీఎస్టీ. బిల్లు ఒకరికి ఒడియాలో కావాలి, ఇంకొకరికి తెలుగులో, మరొకరికి ఇంగ్లీషులో. చీరకు ఒక రేటు, రెడీమేడ్‌కు ధరను బట్టి రేటు. ఇవన్నీ ఒకే ఫంక్షన్‌లో (ఒక పని చేసే కోడ్ ముక్కలో) ఇఫ్ షరతు లోపల ఇంకో ఇఫ్‌గా పేరుకుంటాయి. పన్ను రేటు మారిన రోజు ఆ ఫంక్షన్‌లో చెయ్యి పెట్టాలంటే భయం వేస్తుంది.

ముందు కొలవాలి. థామస్ మెకేబ్ 1976లో ఇచ్చిన సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ లెక్క చేత్తోనే వేయొచ్చు: ఫంక్షన్‌లో దారి చీలే చోట్లన్నీ లెక్కపెట్టి 1 కలపాలి. ఇఫ్, ఎల్స్‌ఇఫ్, ఫర్, వైల్, ఎక్సెప్ట్ ఒక్కోటి 1, షరతును కలిపే అండ్, ఆర్ కూడా ఒక్కోటి 1. ఉత్త ఎల్స్‌కు ఏమీ లేదు. మెకేబ్ సూచించిన హద్దు 10.

ఇలాంటి ఫంక్షన్ తీసుకోండి. సరుకుల మీద లూప్ 1. బయటి రాష్ట్రమా అన్న ఇఫ్ 1. దాని రెండు కొమ్మల్లోనూ చీరా, రెడీమేడా, మరొకటా అన్న ప్రశ్నలు రెండేసి, అంటే 4. రెండు చోట్లా రెడీమేడ్ ధర హద్దు దాటిందా అన్నవి 2. కొనేది డీలరు, పైగా 10కి తక్కువ కాకుండా కొన్నాడా అన్న తగ్గింపు షరతుకు ఇఫ్ 1, అండ్ 1. భాషకు 2. మొత్తం 12, కలిపే 1తో 13.

పైథాన్‌లో ఈ లెక్క వేసే రాడాన్ అనే పనిముట్టు ఇదే 13 చూపించి సి గ్రేడు ఇస్తుంది (ఎ 1–5, బి 6–10, సి 11–20). పైథాన్ కోడ్‌ను తనిఖీ చేసే రఫ్‌లోని సీ901 నియమం మాత్రం 12 అంటుంది, ఎందుకంటే అది అండ్, ఆర్‌లను లెక్కలోకి తీసుకోదు. అందుకే ఒక పనిముట్టుతో మొదలుపెడితే చివరిదాకా దానితోనే కొలవండి. చాలా ప్రోగ్రామింగ్ భాషలు కలిసిన ప్రాజెక్టుకు లిజార్డ్ అనే పనిముట్టు సరిపోతుంది.

ఈ అంకె ఒక్కటే చాలదు. మూడు ఇఫ్‌లు ఒకదాని కింద ఒకటి ఉన్నా, ఒకదాని లోపల ఒకటి ఉన్నా సైక్లోమాటిక్ లెక్క 4 అనే చెబుతుంది. చదివే మనిషికి రెండోది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. కోడ్ నాణ్యత కొలిచే సోనార్ వాళ్ల కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ ఈ లోతునే పట్టుకుంటుంది. వరసగా ఉన్న మూడు ఇఫ్‌లకు 3, లోపల లోపల ఉన్నవాటికి 1+2+3, అంటే 6. సోనార్ మామూలు హద్దు 15. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే కాగ్నిటివ్‌ను ఎంచుకోండి.

ఏ ఫైలు ముందు ముట్టుకోవాలి? గిట్ లాగ్ (కోడ్ మార్పుల చరిత్ర) నుంచి ఏడాది మార్పుల ఫైలు పేర్లు మాత్రమే తీసి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. తరచూ మారుతూ, కాంప్లెక్సిటీ కూడా ఎక్కువ ఉన్నది మీ మొదటి పని. ఏళ్లుగా ఎవరూ ముట్టనిది, సరిగ్గా నడుస్తున్నది 25 చూపించినా వదిలేయండి.

ఇప్పుడు కోడ్ మార్చే ముందు తప్పనిసరి పని: పాత ఫంక్షన్ ఏ ఇన్‌పుట్‌కు ఏమిస్తోందో భద్రం చేయడం. ఒక నెల బిల్లులను దానితో నడిపి, పన్నును పైసల్లో ఒక ఫైల్లో దాచండి. హద్దుల దగ్గరి కేసులు చేత్తో కలపండి: రెడీమేడ్ ధర హద్దుకు 2,500 రూపాయలు, 2,501 రూపాయలు, తగ్గింపుకు 9 చీరలు, 10 చీరలు. 1,499 రూపాయల చీర కూడా ఉండాలి. 5 శాతం ఒకేసారి కడితే 74.95. 2.5 శాతం చొప్పున విడివిడిగా కట్టి పైసాకు సర్దితే 37.48, 37.48, కలిపితే 74.96. కోడ్ శుభ్రం చేసే ఊపులో గుణకారం వరస మారిపోయి, నెలాఖరు లెక్కల్లో తేలే తేడా ఇదే.

తర్వాత విడగొట్టండి. రేటు ఎంత అన్నది నిర్ణయం కాదు, సమాచారం. దాని చోటు పట్టిక. నిలువు వరుసలు నాలుగు: సరుకు రకం, ధర హద్దు, రేటు, అమలు తేదీ. 2025 సెప్టెంబర్ 22న రెడీమేడ్ హద్దు 1,000 నుంచి 2,500కు, పై రేటు 12 శాతం నుంచి 18కి మారాయి. పట్టిక ఉన్నవాళ్లకు అది కొత్త వరుసలు చేర్చే పని మాత్రమే. పాత వరుసలు చెరపకండి. సరుకు వాపసు వస్తే అసలు బిల్లు తేదీ నాటి రేటే వేయాలి. వెతికేటప్పుడు కొత్త తేదీ ముందు రావాలి, ఒకే తేదీలో చిన్న హద్దు ముందు రావాలి. ఈ వరస తప్పితే ఎర్రర్ రాకుండానే తప్పు రేటు పడుతుంది. వరుస దొరక్కపోతే ఎర్రర్ ఇవ్వండి, సున్నా రేటు ఇవ్వకండి.

భాష కూడా పట్టికే. తగ్గింపు ఒక చిన్న ఫంక్షన్. పన్నును రెండుగా చీల్చాలా, ఐజీఎస్టీగా ఉంచాలా అన్నది మరొకటి. లెక్క చూడండి: ప్రధాన లూప్ 2, తగ్గింపు 3, చీల్చడం 2, భాష 1, రేటు వెతకడం 5. కలిపితే మళ్లీ 13! ప్రతి ఫంక్షన్‌కూ కలిపే 1 వల్ల మొత్తం తగ్గినట్టు కనపడదు. మొత్తం చూడకండి. చీలే చోట్లు 12 నుంచి 8కి దిగాయి, ఏ ఒక్క ఫంక్షనూ 5 దాటలేదు.

అంకె కోసం మాత్రమే విడగొడితే బిల్లు_భాగం1, బిల్లు_భాగం2 లాంటి పేర్లు పుడతాయి, ఒక్కోదానికి ఏడెనిమిది పారామీటర్లు (ఫంక్షన్‌కు ఇచ్చే విలువలు) వెళ్తాయి. ఫంక్షన్ చేసే పనికి సూటిగా పేరు పెట్టలేకపోతున్నారంటే కోత తప్పు చోట పడింది. దాన్ని వెనక్కి కలిపేసి, ఏ మార్పులు కలిసి వస్తున్నాయో చూసి మళ్లీ కోయండి. ట్రూ, ఫాల్స్ పారామీటరు ఇచ్చి ఒకే ఫంక్షన్‌తో రెండు పనులు చేయించడం కూడా ఇదే తప్పు.

ఒక్కో మార్పు తర్వాత దాచిన బిల్లులతో పోల్చి, అప్పుడే కమిట్ చేయండి (గిట్‌లో భద్రపరచండి). పాత లెక్కలో తప్పు బయటపడితే అదే కమిట్‌లో సరిచేయకండి, అది విడిగా, షాపువారికి చెప్పి చేయాల్సిన పని. అంతా అయ్యాక రఫ్‌లో హద్దు 10 పెట్టి, ఇప్పటికే దాటిన పాత ఫంక్షన్లకు మాత్రం మినహాయింపు గుర్తు రాయండి. మొదటి రోజే అన్నిటికీ హద్దు బిగిస్తే బిల్డ్ ఆగిపోతుంది, జట్టు ఆ నియమాన్నే తీసేస్తుంది.