వెనక చక్రానికి పట్టిన నూనె జిడ్డు ఇలా వదిలింది

బైక్ చైన్‌కి లూబ్ (చైన్ నూనె) కొట్టిన రెండో రోజుకే వెనక చక్రం రిమ్ము నల్లగా, జిడ్డుగా తయారైంది. షాంపూ నీళ్లతో రెండుసార్లు కడిగాను. దుమ్ము పోయింది కానీ జిడ్డు అలాగే ఉంది. నూనెని నీళ్లు కదిలించలేవు కదా!

చివరికి పనిచేసింది కిరోసిన్. ఇంజిన్ ఆపి, బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుతూ పాత బనియన్ గుడ్డతో తుడిచాను. గుడ్డకి కిరోసిన్ తడి అంటితే చాలు, చక్రం మీద పోయకూడదు. టైరు రబ్బరుకి అది మంచిది కాదు. బ్రేక్ డిస్కుకి, ప్యాడ్లకి తగిలితే ఇంకా ప్రమాదం, బ్రేక్ సరిగ్గా పడదు. అందుకే డిస్కుకి ముందే ప్లాస్టిక్ కవర్ చుట్టేశాను. మూలల్లో పేరుకున్నది పాత టూత్‌బ్రష్‌తో వచ్చేసింది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి కడిగి, పొడిగుడ్డతో తుడిచాను. బయల్దేరే ముందు ఇంటి ముందే మెల్లగా నడిపి బ్రేకులు చూసుకున్నాను.

పెట్రోల్ వాడమని ఒకరు చెప్పారు కానీ నేను వినలేదు. నిప్పు భయం ఒకటి, చైన్‌లోని రబ్బరు ఓ-రింగులు పాడవుతాయని ఇంకొకటి.

అసలు తప్పు నాదే. లూబ్ ఎక్కువ కొట్టి వెంటనే బండి తీస్తే అదంతా చక్రం మీదికే చిమ్ముతుంది. ఇప్పుడు చైన్ లోపలి వైపు కొంచెమే కొట్టి, పైన మిగిలింది తుడిచేసి, రాత్రంతా వదిలేస్తున్నాను.