పవర్ పెంచారు, కవరేజీ పెరగలేదు: చర్చి ఎఫ్‌ఎంలకు సమస్య - పరిష్కారం

అమెరికాలో చిన్న చర్చిలు నడిపే లో పవర్ ఎఫ్‌ఎం స్టేషన్లకు శని, ఆదివారాల్లో సాయానికి వెళ్తుంటాను. ఇండియాలో ప్రైవేటు ఎఫ్‌ఎం లైసెన్సు మత సంస్థలకు ఇవ్వరు కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఈ పని ఇక్కడికి వచ్చాకే పరిచయం. అప్‌గ్రేడ్ అయిన రెండు మూడు నెలలకు నాకు వచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. "బ్రదర్, కమిషన్ (రేడియో లైసెన్సులు ఇచ్చే ఎఫ్‌సీసీ) పర్మిషన్ ఇచ్చింది, యాంటెన్నా మార్చాం, పవర్ రెట్టింపయింది. రేడియో మాత్రం ఇదివరకు ఎక్కడిదాకా వినిపించేదో అక్కడే ఆగిపోతోంది."

నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. అప్‌గ్రేడ్‌కు ముందు రీడింగులు రాసి పెట్టారా? పదిమందిలో తొమ్మిదిమంది రాసి ఉండరు. ఫార్వర్డ్ పవర్ (ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నా వైపు వెళ్లేది), రిఫ్లెక్టెడ్ పవర్ (యాంటెన్నా దగ్గర్నుంచి వెనక్కి తిరిగొచ్చేది), ఆ రోజు తారీఖు, వాన పడిందా లేదా. వారానికి ఒక లైను చాలు. దీనితో పాటు ఊరి చుట్టూ ఐదారు చోట్లు పెట్టుకుని, అదే కారులో, అదే రేడియోతో విని రాసుకోవాలి. ఇది చేయకుండా "తగ్గినట్టుంది" అంటే నేను చెప్పగలిగేదేమీ లేదు.

ఒక సంగతి ముందే తేల్చుకోండి. లో పవర్ ఎఫ్‌ఎంకు గరిష్ఠంగా ఇచ్చేది 100 వాట్ల ఈఆర్‌పీ (కేబుల్ నష్టం, యాంటెన్నా ప్రభావం కలిపి చూశాక గాలిలోకి వెళ్లే పవర్), చుట్టుపక్కల నేల సగటు ఎత్తు కన్నా యాంటెన్నా 30 మీటర్లు పైన ఉంటుందన్న లెక్కతో. దీనికి సుమారు 5.6 కిలోమీటర్ల దాకా నమ్మకమైన సిగ్నల్ ఉంటుంది. అంతకంటే ఎత్తుకు వెళ్తే వాట్లు తగ్గిస్తారు. 50 వాట్లను 100 చేస్తే దక్కేది 3 డెసిబెల్స్ (పవర్ ఎన్ని రెట్లు పెరిగిందో, తగ్గిందో చెప్పే కొలత), అంటే దూరం రెట్టింపు కాదు. ఇది తెలిసి కూడా తేడా కనిపించడం లేదంటే కింద చదవండి.

లక్షణం: మీటర్లన్నీ బాగున్నాయి, సిగ్నల్ లేదు

నేను ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నది ఇక్కడే. ఒక స్టేషన్‌లో 45 మీటర్ల కేబుల్, ఒకే బే (ప్రసారం చేసే ఒక భాగం) ఉన్న యాంటెన్నా, దాదాపు 50 వాట్ల ఈఆర్‌పీ. యాంటెన్నాను రెండు బేలకు మార్చారు. ఒక బే యాంటెన్నా గెయిన్ (అందిన పవర్‌ను ఈఆర్‌పీ కోసం ఎంతతో గుణించాలో చెప్పే అంకె) సుమారు 0.46, రెండు బేలకు దాదాపు 1. అందుకే కొత్త ట్రాన్స్‌మిటర్ కొనే పని లేకుండా అదే 150 వాట్లతో, కేబుల్ నష్టం పోగా 100 వాట్ల ఈఆర్‌పీ వస్తుంది. మంచి ఆలోచనే. కేబుల్ మాత్రం పాతదే, జడలా అల్లిన రాగి షీల్డు ఉండే రకం.

మొదటి వారం బ్రహ్మాండంగా వినిపించింది. ఫార్వర్డ్ 150, రిఫ్లెక్టెడ్ 2.7 వాట్లు. రెండు నెలల తర్వాత నన్ను పిలిచినప్పుడు ఫార్వర్డ్ అదే 150, రిఫ్లెక్టెడ్ ముప్పావు వాటు. "చూశారా, ఇంకా మెరుగైంది" అన్నారు పాస్టర్ గారు సంతోషంగా. నేనూ తలూపాను. ఆ రోజంతా ట్రాన్స్‌మిటర్ విప్పి, ఫిల్టర్ విప్పి, ఆడియో వెతికి, ఏమీ దొరక్క ఇంటికొచ్చాను.

రిఫ్లెక్టెడ్ దానంతట అది ఎందుకు తగ్గుతుంది? టవర్ మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఖాళీ హాల్లో అరిస్తే ప్రతిధ్వని వస్తుంది. హాలు నిండా పరుపులు పేర్చి అరిస్తే రాదు. బయటి మనిషికి మీ అరుపు కూడా వినిపించదు. తడిసిన కేబుల్ చేసేది అదే. పైకి వెళ్లే పవర్‌లో సగానికి పైగా మింగుతుంది, యాంటెన్నా దగ్గర వెనక్కి తిరిగినదాన్ని కిందికొచ్చేలోపు మళ్లీ మింగుతుంది. మీటర్ ఉన్నది కింద, ట్రాన్స్‌మిటర్ పక్కన. దానికి కనిపించేది ఆ మిగిలిన ముప్పావు వాటే.

లెక్క చూడండి. బాగున్న రోజుల్లో ఆ కేబుల్ నష్టం 1.75 డెసిబెల్స్. నీళ్లు చేరాక 4.5. అప్‌గ్రేడ్‌తో వచ్చింది 3 డెసిబెల్స్, కేబుల్‌లో పోయింది 2.75. మొత్తానికి గాలిలోకి వెళ్తున్నది 53 వాట్లు. అంటే ఖర్చంతా పెట్టి పాత 50 దగ్గరే నిలబడ్డారు.

నీళ్లు ఎక్కడివంటే, పైన కొత్త యాంటెన్నాకు బిగించిన కనెక్టర్ దగ్గర్నుంచి. ఎక్కిన మనిషి కరెంటు పనికి వాడే మామూలు ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టి దిగాడు. ఎండకు అది విచ్చుకుంది. అల్లిక షీల్డు దీపం వత్తి లాంటిది, ఒక చివర తడి తగిలితే మీటర్ల కొద్దీ లోపలికి లాగుతుంది.

పట్టుకోవడం ఎలా? ట్రాన్స్‌మిటర్ ఆపి, మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, తాళం చెవి ఎక్కే మనిషి జేబులో పెట్టండి. (ఈ మాట చెప్పి చెప్పి విసుగొచ్చింది, అయినా చెబుతాను.) పైన యాంటెన్నా విప్పి, కేబుల్ చివర షార్ట్ చేసిన ప్లగ్ బిగించమనండి. కింద నానో వీఎన్‌ఏ (కేబుల్, యాంటెన్నాలను పరీక్షించే చిన్న పరికరం) పెట్టి మీ ఫ్రీక్వెన్సీలో రిటర్న్ లాస్ (పంపిన సిగ్నల్ తిరిగొచ్చేసరికి ఎన్ని డెసిబెల్స్ తగ్గిందో) చూడండి. వచ్చిన అంకెలో సగం కేబుల్ నష్టం. నా కేసులో 3.5 రావాల్సిన చోట 9 వచ్చింది. అదే టవర్ మీద వేరే ఎఫ్‌ఎంలు ఉంటే నానో వీఎన్‌ఏ అంకెలు పిచ్చిపిచ్చిగా వస్తాయి. అప్పుడు పైన డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను తీసుకుని వేడిగా మార్చేది), వాట్‌మీటర్ పెట్టి, తక్కువ పవర్ పంపి, కిందెంత పైనెంత అని పోల్చడమే దారి. ఆ కొలత తీసేటప్పుడు మీటర్, లోడ్ బిగించి మనిషి కిందికి దిగాలి, మీటర్‌ను ఫోన్ కెమెరాతోనో బైనాక్యులర్‌తోనో చదవండి.

పరిష్కారానికి షార్ట్‌కట్ లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి మళ్లీ బిగించినవాళ్లున్నారు, మూడు వారాల్లో మళ్లీ ఫోన్ చేశారు. చివర కోసి చూస్తే రాగి నల్లగానో పచ్చగానో ఉందా, ఆ కేబుల్ పోయినట్టే. అర అంగుళం ముడతల రాగి గొట్టం ఉన్న ఫోమ్ కేబుల్ వేయండి. 45 మీటర్లకు నష్టం 1 డెసిబెల్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందులో నీళ్లు అంత సులువుగా పాకవు.

కొత్త కనెక్టర్ మీద ముందు ఒక పొర వినైల్ టేపు, రేపు విప్పాల్సి వస్తే అంటుకుపోకుండా. దాని మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు. పైన మళ్లీ వినైల్, ఈ చివరి పొర కింది నుంచి పైకి చుట్టాలి. పెంకుటింటి కప్పు మీద పై పెంకు కింది పెంకును కప్పినట్టు ప్రతి చుట్టూ కింది చుట్టును కప్పాలి. గదిలోకి వచ్చే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పండి, నీటి చుక్క అక్కడే రాలిపోతుంది. ఉత్సాహం ఎక్కువై యాంటెన్నా అడుగున ఉండే చిన్న రంధ్రాలను కూడా టేపుతో మూయకండి. నీళ్లు బయటికి పోవడానికే వాటిని పెట్టారు.

ఇంకొకటి. కేబుల్ మారాక ట్రాన్స్‌మిటర్‌ను పాత 150 దగ్గరే వదిలేస్తే లైసెన్సు దాటిపోతారు. నష్టం 1 డెసిబెల్ అయితే దాదాపు 126 వాట్లు చాలు. అనుమతించిన పవర్‌లో 90 నుంచి 105 శాతం మధ్యే ఉండాలన్నది నిబంధన.

లక్షణం: ఒక దిక్కున బాగుంది, ఇంకో దిక్కున లేదు

టవర్ ఇనుమే అడ్డం. యాంటెన్నాను ఏ కాలికి బిగించారో చూడండి, సంఘం ఎక్కువగా ఉండే వైపు కాలికి మార్చండి. తయారీదారు చెప్పినంత దూరం టవర్ నుంచి జరపండి. మధ్యలో గుట్ట ఉంటే మాత్రం చేసేదేమీ లేదు.

లక్షణం: సిగ్నల్ గట్టిగా ఉంది, "స", "ష" అక్షరాలు చెవిలో గుచ్చుతున్నాయి

ఆడియో ప్రాసెసర్‌లోనూ ట్రాన్స్‌మిటర్‌లోనూ ప్రీఎంఫసిస్ (సన్నని, కీచు శబ్దాలను ముందే పెంచి పంపే సెట్టింగు) ఆన్ చేసి ఉంటారు. ఒక చోటే ఉండాలి. అమెరికాలో 75 మైక్రోసెకన్లు. బయటి దేశాల నుంచి తెప్పించిన చవక ట్రాన్స్‌మిటర్లు కొన్ని 50 మీద సెట్ అయి వస్తాయి, మెనూలో మార్చుకోండి.

లక్షణం: అంచు ఊళ్లలో బుసబుసమని శబ్దం

మోనోకి మార్చండి. స్టీరియోతో పోలిస్తే ఆ బుస 20 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. రోజంతా వాక్యం, సాక్ష్యాలు ప్రసారం చేసే స్టేషన్‌కు స్టీరియో దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పాటలు చేసేవాళ్లు ఒప్పుకోరు, అది మీరూ మీరూ తేల్చుకోండి.

మిగతావి

పక్క ఊరి ట్రాన్స్‌లేటర్‌లో (మీ ప్రసారాన్ని పట్టి వేరే ఫ్రీక్వెన్సీలో మళ్లీ పంపే చిన్న స్టేషన్) మాత్రమే గరగర ఉంటే దాని రిసీవింగ్ యాంటెన్నా చూడండి, గాలికి తిరిగిపోయి ఉంటుంది. పిడుగు పడితే మీకే తెలుస్తుంది. వేసవి పొద్దున్నే ఎక్కడో వందల మైళ్ల అవతలి స్టేషన్ మీ ఫ్రీక్వెన్సీలో పాడుతుంటే అది వాతావరణం పని, ఎండ ఎక్కితే పోతుంది. దానికోసం టవర్ ఎక్కించకండి.