ఏఐ ఏజెంట్ల కోసం క్లౌడ్ ఖాతాల టూల్స్‌కు డాక్యుమెంటేషన్ రాయడం ఎలా?

మాన్యువల్‌లో ఏదైనా వదిలేస్తే మనిషి పక్క సీటులో ఉన్నవాళ్లను అడుగుతాడు. ఏజెంట్, అంటే టూల్స్‌ని (అది పిలిచి వాడే చిన్న ప్రోగ్రాముల్ని) వాడుకుని మన పనులు తానే చేసే ఏఐ, చాలాసార్లు అడగదు, తోచింది ఊహించుకుని ముందుకెళ్లిపోతుంది. ఖాతాలు తెరవడం, మూసేయడం, అనుమతులు మార్చడం లాంటి పనుల్లో ఆ ఊహ తప్పితే సరిదిద్దడం కష్టం.

రాయడానికి ముందు టూల్స్‌ని విడగొట్టండి. 'ఖాతా నిర్వహణ' అని ఒకే టూల్ పెట్టి, చేయాల్సిన పనిని పారామీటర్‌లో అడిగితే జాబితా చూడటానికీ ఖాతా మూసేయడానికీ ఒకే తలుపు అవుతుంది. జాబితా, వివరం, సృష్టి, మూసివేత దేనికది వేరుగా ఉంటే, చదవడానికి మాత్రమే పనికొచ్చేవాటిని అనుమతి అడగకుండానే నడవనివ్వొచ్చు. ఎంసీపీ (ఏజెంట్లకు టూల్స్‌ని కలిపే ఒక ప్రమాణం) వాడుతుంటే రీడ్‌ఓన్లీ, డిస్ట్రక్టివ్ (ఉన్నదాన్ని చెరిపేయగలదు), ఐడెంపొటెంట్ (మళ్లీ పిలిచినా అదనపు మార్పు రాదు) హింట్లు నింపండి. పేరులోనే ఉన్నట్టు అవి సూచనలే, కాపలా కాదు. చేయకూడని పనిని ఐఏఎం పాలసీలోనే (ఎవరు ఏం చేయొచ్చో క్లౌడ్ వైపే నిర్ణయించే నియమాల్లోనే) ఆపాలి. 'దయచేసి తొలగించవద్దు' అనే వాక్యం మీద ఏ ఖాతానూ వదిలేయకండి.

ప్రతి టూల్ వివరణలో ఏం చేస్తుందో, ఎప్పుడు వాడకూడదో, వెనక్కి తీసుకోవచ్చో లేదో ఉండాలి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ఆర్గనైజేషన్స్‌లో, అంటే చాలా ఖాతాలను ఒకే సంస్థ కింద నడిపే సేవలో, ఖాతా మూసే టూల్‌కు ఇలా రాయొచ్చు:

"సంస్థలోని ఒక సభ్య ఖాతాను మూసేస్తుంది. 90 రోజుల్లోపు సపోర్ట్ ద్వారా తిరిగి తెరిపించుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు. ఖాతాను సంస్థ నుంచి బయటికి తీయడానికి దీన్ని వాడొద్దు. ఇన్‌పుట్: ఖాతా ఐడీ, 12 అంకెల స్ట్రింగ్. ముందు వివరం టూల్‌తో పేరు, ఈమెయిల్ తెచ్చి యూజర్‌కు చూపించు, ఒప్పుకున్నాకే పిలువు. పేరుతో వెతికినప్పుడు ఒకటి కంటే ఎక్కువ ఖాతాలు వస్తే ఆగి అడుగు. జవాబు రాగానే పని పూర్తయినట్టు కాదు. స్థితి పెండింగ్ క్లోజర్ నుంచి క్లోజ్డ్‌కు (పాత 'స్టేటస్' ఫీల్డులో సస్పెండెడ్‌కు) మారాలి."

'స్ట్రింగ్' అన్న మాట అక్కడ ఊరికే లేదు. ఖాతా ఐడీ సున్నాతో మొదలవ్వొచ్చు. దాన్ని సంఖ్యగా తీసుకుంటే ముందున్న సున్నా ఎగిరిపోయి 11 అంకెలే మిగులుతాయి. గూగుల్ క్లౌడ్‌లో ఇంకో చిక్కు: ప్రాజెక్టుకు పేరు, ఐడీ, నంబరు అని మూడుంటాయి. పేరు ప్రత్యేకమైనది కాదు, రెండు ప్రాజెక్టులకు ఒకే పేరు ఉండొచ్చు. టూల్‌కు ఏది కావాలో ఒక నమూనా విలువతో సహా చెప్పండి.

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఎర్రర్ల దగ్గర. చాలా డాక్యుమెంట్లు ఎర్రర్ పేర్లు వరసగా ఇచ్చి ఊరుకుంటాయి. ఏజెంట్‌కు కావాల్సింది ఆ తర్వాత ఏం చేయాలన్నది. ఏడబ్ల్యూఎస్‌లో సర్వర్లు నడిపే ఈసీ2లో డ్రై రన్ (పని చేయకుండా అనుమతి ఉందో లేదో మాత్రమే చూడటం) పెడితే, అనుమతి ఉన్నప్పుడు కూడా వచ్చేది ఎర్రరే: 'డ్రైరన్‌ఆపరేషన్'. అనుమతి లేకపోతే 'అనాథరైజ్డ్‌ఆపరేషన్'. మొదటిది శుభవార్త అని రాయకపోతే ఏజెంట్ దాన్ని వైఫల్యం అనుకుని వేరే దారులు వెతుకుతుంది.

కొత్తగా చేసిన ఐఏఎం రోల్ (కొన్ని అనుమతులు జతచేసిన గుర్తింపు) అన్నిచోట్లా కనిపించడానికి కాస్త సమయం పడుతుంది. ఈలోపు వాడితే యాక్సెస్ నిరాకరణ రావచ్చు. అప్పుడు ఏజెంట్ చేసే అతి చెడ్డ పని, పాలసీని వెడల్పు చేసి మళ్లీ ప్రయత్నించడం. అందుకే 'రోల్ ఇప్పుడే చేసి ఉంటే ఆగుతూ కొన్నిసార్లు మళ్లీ ప్రయత్నించు, పాలసీ మార్చకు, అప్పటికీ రాకపోతే యూజర్‌కు చెప్పు' అని రాయాలి.

ఆర్గనైజేషన్స్‌లో ఖాతా సృష్టి కూడా వెంటనే పూర్తయ్యే పని కాదు. మొదట వచ్చేది రిక్వెస్ట్ ఐడీ, ఇన్ ప్రోగ్రెస్ స్థితి మాత్రమే. ఆ ఐడీతో స్థితి అడుగుతూ ఉండాలి. ఇది చెప్పకపోతే ఏజెంట్ మళ్లీ సృష్టి టూల్‌నే పిలుస్తుంది, ఈమెయిల్ ఇప్పటికే ఉందన్న కారణంతో అది విఫలమవుతుంది. ఈమెయిల్ కొంచెం మార్చి మళ్లీ పిలిచిందంటే అక్కర్లేని రెండో ఖాతా తయారు.

జాబితాల్లో పేజీల సంగతి మరవకండి. ఆర్గనైజేషన్స్ జాబితా ఒక్కోసారి ఖాళీ పేజీ ఇచ్చి, దాంతోపాటే నెక్స్ట్‌టోకెన్ (తర్వాతి పేజీ అడగడానికి వాడే గుర్తు) కూడా ఇస్తుంది. ఇంకా పేజీలు ఉన్నాయని దానర్థం. 'టోకెన్ రావడం ఆగేవరకు' అడగాలి, 'ఫలితాలు ఖాళీ అయ్యేవరకు' కాదు.

టూల్ లోపల కమాండ్ లైన్ నడుస్తుంటే రెండు విషయాలు చూసుకోండి. ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐ రెండో వెర్షన్ ఫలితాన్ని పేజర్‌లోకి (పొడవైన ఫలితాన్ని తెరకు సరిపడా కొంచెం కొంచెంగా చూపే ప్రోగ్రాంలోకి) పంపవచ్చు, ఎవరో కీ నొక్కాలని ఎదురుచూస్తూ ఏజెంట్ అక్కడే ఇరుక్కుపోతుంది. పేజర్‌ను ఆపేయండి. గూగుల్ క్లౌడ్ కమాండ్ అయిన జీక్లౌడ్‌లో క్వైట్ ఫ్లాగ్ ప్రశ్నలు అడగకుండా డిఫాల్ట్ జవాబును తీసుకుంటుంది, తొలగింపు కమాండ్లలో అది సాధారణంగా 'అవును'. స్క్రిప్టుల నుంచి కాపీ చేసిన ఉదాహరణల్లో ఈ ఫ్లాగ్ దాక్కుని ఉంటుంది, వెతికి తీసేయండి.

రాసినదాన్ని పరీక్షించడానికి ప్రొడక్షన్‌తో సంబంధం లేని ఖాతా ఒకటి తీసుకుని, ఏజెంట్‌కు ఈ డాక్యుమెంట్ తప్ప ఇంకేమీ ఇవ్వకండి. చేయాల్సిన పనులతోపాటు ఆగాల్సినవీ అడగండి: ఒకే పేరున్న రెండు ఖాతాల్లో ఒకటి మూసేయమనండి, లేని ఐడీ ఇవ్వండి, గడువు తీరిన లాగిన్ టోకెన్‌తో నడపండి. ఎక్కడ ఊహించిందో లాగ్‌లో దొరుకుతుంది, అక్కడ ఒక వాక్యం చేర్చండి. తర్వాత టూల్ కోడ్ మారినప్పుడల్లా వివరణ కూడా అదే కమిట్‌లో (కోడ్ మార్పును నమోదు చేసేటప్పుడే) మారాలి.