ఎన్నికల ఆడిట్ ప్రోగ్రామ్ రాసేవాళ్లకు: ముందు మేనిఫెస్టు, తర్వాత గణితం

అమెరికాలోని కొలరాడో 2017లో రాష్ట్రమంతటా రిస్క్-లిమిటింగ్ ఆడిట్ మొదలుపెట్టింది, అదీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో. కొన్ని కాగితం బ్యాలెట్లు తీసి మెషిన్ రికార్డుతో పోల్చడమే ఇందులో పని. కౌంటీ స్థాయికి అలాంటిది రాయాలంటే మేనిఫెస్టుతో మొదలుపెట్టండి.

మేనిఫెస్టు అంటే ఏ పెట్టెలో ఏ బ్యాచ్, అందులో ఎన్ని బ్యాలెట్లు అన్న పట్టిక. దీన్ని స్కానర్ ఫైలులోంచి లాగకండి, దొంగనే సాక్ష్యం అడిగినట్టు ఉంటుంది. చేత్తో లెక్కపెట్టిన సంఖ్యలే వాడండి. బ్యాచ్ పేర్లు టెక్స్ట్‌గానే ఉంచండి. ఎక్సెల్‌లో తెరిచారంటే 007 కాస్తా 7 అయి కూర్చుంటుంది.

మేనిఫెస్టు, మెషిన్ రికార్డు రెండింటి షా-256 హాష్‌లూ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైలు కాస్త మారినా ఇదీ మారిపోతుంది) ప్రకటించాకే జనం ముందు పది ముఖాల పాచికను 20 సార్లు వేయాలి. ముందే వేస్తే ఏ బ్యాలెట్లు బయటికొస్తాయో తెలిసిపోతుంది. ఆ 20 అంకెలే సీడ్, అంటే బ్యాలెట్ల ఎంపికకు మూలం. దాన్నీ నంబరుగా దాచొద్దు, మొదటి సున్నా ఎగిరిపోతే ఎంపిక మొత్తం మారిపోతుంది.

సీడ్, కామా, వరుస సంఖ్య (1, 2, 3...) కలిపి షా-256 తీసి, మొత్తం బ్యాలెట్లతో భాగించి, శేషానికి 1 కలపండి. మేనిఫెస్టు వరసలో ఆ స్థానంలోని బ్యాలెట్ తీయాలి. ఒకటే రెండుసార్లు వస్తే కాగితం ఒకసారే తీస్తారు గానీ లెక్కలో రెండుసార్లూ పడాలి.

ఎన్ని తీయాలి? 40,000 బ్యాలెట్లు, మెజారిటీ 2,000 అనుకుందాం, అంటే 5 శాతం. రిస్క్ లిమిట్ (ఫలితం తప్పైనా ఆడిట్ పట్టుకోలేకపోయే గరిష్ఠ అవకాశం) 9 శాతం, గామా (చిన్న తేడాలను తట్టుకోడానికి లెక్కలో వదిలే వెసులుబాటు) 1.03905 పెట్టుకుంటే, తేడా ఒక్కటీ లేనప్పుడు 99 చాలు. గెలిచినవాడికి పడిందని మెషిన్ రాసిన ఓటు కాగితం మీద ఖాళీగా కనిపిస్తే మరో 27. అదే ఓటు కాగితం మీద ఓడినవాడికి ఉంటే ఏకంగా 135 అదనం.

అలాంటి తేడాలు ఒకే బ్యాచ్‌లో వరసగా వస్తే మోసమని కంగారుపడకండి. చాలాసార్లు ఒక కాగితం అటూ ఇటూ జరిగి, పక్క బ్యాలెట్ చేతికొచ్చి ఉంటుంది. స్కానర్ ప్రతి బ్యాలెట్ మీదా నంబరు ముద్రిస్తే ఈ తలనొప్పి తగ్గుతుంది. లేకపోతే పెట్టెలోంచి తీసేటప్పుడు ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి.

ఆడిట్ బోర్డు, అంటే కాగితాలు చదివే బృందం, తాము చూసింది ఎంటర్ చేసేదాకా స్క్రీన్ మీద మెషిన్ జవాబు కనపడనివ్వకండి. కనిపిస్తే గీత సరిగా లేని బ్యాలెట్‌ని కూడా దానికి తగ్గట్టే చదివేస్తారు.