పాత క్వార్టెట్ రికార్డింగులు దొరకాలంటే

ఇరవయ్యో శతాబ్దపు స్వరకర్తలు షోన్‌బెర్గ్, బెర్గ్, బార్తోక్‌ల స్ట్రింగ్ క్వార్టెట్లకి (రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో కలిసి వాయించే రచనలకి) పాత రికార్డింగులు కావాలా? మ్యూజిక్ యాప్‌లో స్వరకర్త పేరు కొడితే ఈమధ్య వచ్చిన ఆల్బమ్‌లే ముందు వరస కడతాయి. వాయించిన బృందం పేరు కొట్టండి: కోలిష్, గాలిమిర్, ప్రో ఆర్టే. పాత రికార్డింగులు ఉచితంగా దొరికే వెబ్‌సైటు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా ఇదే పద్ధతి.

కోలిష్ బృందం సంగతే చూడండి. షోన్‌బెర్గ్ నాలుగు క్వార్టెట్లనీ 1936 చివర్లో, 1937 మొదట్లో హాలీవుడ్‌లో ఓ సినిమా స్టూడియోలో రికార్డు చేశారు. డిస్కులు ప్రైవేటుగా వేయించుకున్నవి, అందరికీ దొరికే సరుకు కాదు. మరుగున పడకేం చేస్తాయి! బృందానికి పేరిచ్చిన వయొలినిస్టు రుడాల్ఫ్ కోలిష్ అందరిలా కుడి చేత్తో కాక ఎడమ చేత్తో కమాను పట్టేవారు. నలుగురూ ఎదురుగా స్వరలిపి పెట్టుకోకుండా వాయించడంలో పేరుపడ్డవాళ్లు. వింటుంటే ఆ చనువు తెలిసిపోతుంది.

ఆ రోజుల్లో వాడిన 78 ఆర్‌పీఎం డిస్కుకి (నిమిషానికి 78 సార్లు తిరిగేది) ఒక వైపు పట్టేది మూడు నుంచి ఐదు నిమిషాలే. అందుకని సంగీతం మధ్యలో ఆగిపోతే ఫైల్ పాడైందనుకోకండి, రెండో వైపు విడిగా ఉందేమో వెతకండి. ఒకే రికార్డింగ్ రెండు మూడు కాపీలుంటే కాస్త గరగర ఉన్నదే తీసుకోండి. గరగరని మరీ తోమేసిన కాపీల్లో చాలాసార్లు వయొలిన్ పదును కూడా పోతుంది.