చికిత్స మధ్యలో కంపెనీ ప్యాకేజీ ఇస్తామంటే: సంతకానికి ముందు వేసుకోవాల్సిన లెక్కలు

కీమో నడుస్తుండగా హెచ్ఆర్ నుంచి ఫోన్ వస్తుంది. పొజిషన్ తీసేస్తున్నాం, 8 లక్షలిస్తాం, శుక్రవారంలోగా చెప్పండి అంటారు. ఆ కాల్‌లో ఏదీ ఒప్పుకోకండి. పోర్టల్‌లో రాజీనామా అసలే పెట్టకండి. "వివరాలన్నీ మెయిల్‌లో పంపండి, చదివి చెబుతాను" అంటే చాలు.

ముందు లెక్కపెట్టాల్సింది రోజుల్ని. డబ్బు సంగతి తర్వాత. చాలా కంపెనీల్లో గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ లాస్ట్ వర్కింగ్ డేతో ఆగిపోతుంది. అమ్మానాన్నల పేర్లు అందులో ఉంటే వాళ్ల కవరూ అదే రోజు పోతుంది. మిగిలిన చికిత్సను డాక్టరు చేత తేదీలతో రాయించుకోండి. 21 రోజులకోసారి కీమో, ఇంకా 6 సైకిళ్లు ఉన్నాయనుకుందాం. మొదటిదానికీ ఆఖరిదానికీ మధ్య 105 రోజులు. రక్తకణాలు పడిపోయి ఒక సైకిల్ వారం వాయిదా పడటం మామూలే కాబట్టి 130 రోజులు వేసుకోండి. ఆపరేషన్, రేడియేషన్ ఉంటే అవీ కలపండి.

ఇప్పుడు బేరం. మూడు నెలల నోటీసు డబ్బు చేతికిచ్చి రేపే పంపేస్తామంటే ఇన్సూరెన్స్ రేపే ఆగుతుంది. అదే డబ్బును జీతంగా ఇస్తూ మూడు నెలలు రోల్స్‌లో, అంటే ఉద్యోగుల జాబితాలో, ఉంచమనండి. కంపెనీకి పెద్దగా తేడా పడదు, మీకు మాత్రం నాలుగు సైకిళ్లు గడిచిపోతాయి. ప్యాకేజీ పెంచమనడం కన్నా ఈ తేదీ జరపమనడమే మంచి బేరమని మా అభిప్రాయం. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్ఐ అనే జీవిత బీమా (గరిష్ఠంగా 7 లక్షలు) కూడా సర్వీసులో ఉన్నవాళ్లకే.

రోల్స్‌లో ఉండగానే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు పెట్టండి. అలా మారితే గ్రూప్‌లో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే కాలం) నుంచి తగ్గుతుంది. బయటికొచ్చాక కొత్త పాలసీకి వెళ్తే క్యాన్సర్ పేరు చెప్పగానే నిరాకరించవచ్చు. ఇచ్చినా ఆ జబ్బుకు మూడేళ్ల వరకు ఆగమనవచ్చు.

డబ్బు విషయానికొస్తే, 8 లక్షలను విడగొట్టి చూడండి. నెల జీతం లక్ష, గ్రాట్యుటీ లెక్కకు వచ్చే జీతం 50,000, సర్వీసు 8 ఏళ్లు అనుకుంటే: నోటీసు 3,00,000. గ్రాట్యుటీ, అంటే 50,000ను 15తో గుణించి 26తో భాగించి 8తో గుణిస్తే, 2,30,769. మిగిలిన సెలవుల డబ్బు 50,000. ఈ 5,80,769 ఎలాగూ మీదే. కంపెనీ అదనంగా ఇస్తున్నది 2,19,231 మాత్రమే. చట్టం దృష్టిలో మీరు 'వర్కర్' అయితే రిట్రెంచ్‌మెంట్ (కంపెనీయే ఉద్యోగంలోంచి తీసేయడం) పరిహారం సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం. మేనేజరు హోదాలో ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. మీ పని స్వభావాన్ని బట్టి లేబర్ లాయరు తేల్చి చెప్పగలరు.

లెటర్‌లో కారణం ఏమని రాశారో మాటమాటా చదవండి. స్వచ్ఛందంగా వెళ్లిపోవడాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ కింద లెక్కించదు. "వ్యక్తిగత కారణాలతో" అనో "ఆరోగ్యం దృష్ట్యా" అనో వెళ్లిపోతున్నట్టు సంతకం పెడితే ఆ పరిహారం దారి మూసుకుపోవచ్చు. తీసేస్తున్నది పొజిషన్‌నైతే ఆ మాటే రాయించండి. ఒక్క మినహాయింపు: సర్వీసు ఐదేళ్లు నిండకుండా, జబ్బు వల్ల మునుపటి పని ఇక చేయలేని స్థితికి వస్తే గ్రాట్యుటీకి ఐదేళ్ల షరతు ఉండదు. అలాంటప్పుడు మెడికల్ సర్టిఫికెట్టే ఆధారం.

ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి సెటిల్‌మెంట్) కాగితంలో "ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అని ఉంటుంది. దాని మీద సంతకానికి ముందే ఇన్సూరెన్స్ ఆగే తేదీ, పెండింగ్ బిల్లులు ఎప్పటిలోగా పంపాలో, జాయినింగ్ బోనస్ వెనక్కి తీసుకోబోమన్న హామీ, ఈ మూడూ మెయిల్‌లో తెప్పించుకోండి. ఆ మెయిల్‌ను సొంత ఐడీకి పంపుకోండి. ఆఖరి రోజు సాయంత్రానికి ఆఫీసు మెయిల్ తెరుచుకోదు.