విశాఖ తరగతి గది నుంచి అంటార్కిటికాకు: పిల్లలతో వర్చువల్ యాత్ర ఎలా చేయించాలి?

వర్చువల్ యాత్ర అనగానే చాలా బడుల్లో పెంగ్విన్ల వీడియోలు వరసగా వేసేస్తారు. పిల్లలు సరదాగా చూస్తారు, మర్నాటికి మరిచిపోతారు. అందుకే ఒక యాత్రకు ఒకే ప్రశ్న పెట్టుకోండి. సముద్రం పక్కనే పెరిగే విశాఖ పిల్లలకు సరైన ప్రశ్న ఇది: "ధ్రువాల దగ్గర మంచు కరిగితే మన బీచ్‌లో నీళ్లు పెరుగుతాయా?" ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పనికొస్తుంది. వరసగా రెండు పీరియడ్లు కావాలి.

1. ముందురోజు సిద్ధం చేసుకోవలసినవి

అడుగు 10 × 15 సెం.మీ. ఉన్న పారదర్శక డబ్బాలు రెండు తీసుకోండి. వెడల్పాటి టబ్బులో తేడా కంటికి ఆనదు. పైభాగం చదునుగా, 7 సెం.మీ. ఎత్తున్న నల్లరాయి ఒకటి కావాలి. ఇటుక ముక్క వద్దు, నీళ్లు పీల్చేస్తుంది. ఒక్కో డబ్బాకు 120 మి.లీ. చొప్పున నీళ్లు కొలిచి ఐసు ముక్కలు చేసి, థర్మాకోల్ పెట్టెలో తీసుకెళ్లండి. నెట్‌ను నమ్ముకోకుండా వీడియోలు, చిత్రాలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

2. తెర కంటే ముందు ఐసు

మొదటి డబ్బాలో రాయి పెట్టి, 5 సెం.మీ. నీళ్లు పోసి, ఐసు రాయి మీద పేర్చండి. ఇది అంటార్కిటికా. రెండో డబ్బాలో నీళ్లు పోసి ఐసు తేలనివ్వండి. ఇది ఆర్కిటిక్ సముద్రం. రెండింటిలోనూ ఐసు పెట్టాకే నీటిమట్టానికి మార్కరుతో గీత పెట్టాలి. తేలే ఐసుకు ముందే గీత పెడితే జవాబు తలకిందులవుతుంది. ఏ డబ్బాలో నీళ్లు పెరుగుతాయో పిల్లలచేత పెన్నుతో రాయించండి.

సముద్రం కదా అని ఉప్పు కలపకండి. ఉప్పునీటిలో ఐసు నెమ్మదిగా కరుగుతుంది, మట్టం కూడా పిసరంత పెరుగుతుంది. ఆ సంగతి పై తరగతులకు దాచుకోండి.

3. ఐసు కరిగేలోపు ప్రయాణం

గోడ పటం మీద అంటార్కిటికా అడుగున సాగదీసిన పట్టీలా కనిపిస్తుంది, కాబట్టి గ్లోబు తేండి. భారత్‌కు అక్కడ 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి పరిశోధన కేంద్రాలున్నాయి. భారతి 69.4° దక్షిణ అక్షాంశం, 76.2° తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, అంటే విశాఖకు దాదాపు నేరుగా దక్షిణాన. 30 సెం.మీ. వ్యాసమున్న గ్లోబు మీద దారం పట్టి కొలిస్తే సుమారు 23 సెం.మీ. వస్తుంది, అంటే 9,700 కి.మీ. ఈ లెక్క పిల్లలే వేయాలి.

తర్వాత ఉపగ్రహ చిత్రాలు చూపే నాసా వరల్డ్‌వ్యూ వెబ్‌సైటులో అంటార్కిటికా చూపు ఎంచుకుని, జనవరి తేదీ పెట్టండి. జూన్ తేదీ పెడితే మధ్యభాగమంతా నల్లగా వస్తుంది. వెబ్‌సైటు పాడైందనుకోవద్దు, అది సూర్యుడు ఉదయించని ధ్రువపు రాత్రి. గూగుల్ ఎర్త్‌లో మరో చిక్కుంది: ఉత్తర ధ్రువం దగ్గర నీలి సముద్రమే కనిపిస్తుంది, తేలే మంచు చూపించదు. చెప్పకపోతే అక్కడ మంచే లేదని పిల్లలు రాసుకుంటారు.

4. మట్టం చదవడం

మన ఉక్కపోతకు డబ్బాల బయట చెమ్మ పడుతుంది. నీళ్లు కారుతున్నాయని పిల్లలు పొరబడతారు, తుడిచి చూపించండి. రాయి మీది ఐసు ఆలస్యంగా కరుగుతుంది. పూర్తిగా కరగకపోతే భోజనాల తర్వాత చదవండి. మొదటి డబ్బాలో మట్టం ఒక సెంటీమీటరు దాకా పెరుగుతుంది, రెండోదానిలో కదలదు. నేల మీది మంచే సముద్రాన్ని పెంచుతుందని అప్పుడు చెప్పండి.

అంటార్కిటికా మంచంతా కరిగితే సముద్రం సుమారు 58 మీటర్లు పెరుగుతుంది. ఈ అంకె విని పిల్లలు బెదిరిపోతారు. అంతా కరగడానికి వేల ఏళ్లు పడుతుందని, ఇప్పటి పెరుగుదల ఏడాదికి మిల్లీమీటర్లలోనే ఉందని వెంటనే చెప్పాలి.

"మరి ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది కదా?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. దాన్ని మొత్తంగా ధ్రువాల మంచుకు అంటగట్టవద్దు. దక్షిణం నుంచి తీరం వెంట కదిలివచ్చే ఇసుకను హార్బర్ రాతి గట్లు ఆపుతాయి, బీచ్‌కు చేరనివ్వవు. అందుకే డ్రెడ్జర్లతో తవ్విన ఇసుకను బీచ్‌లో పోస్తుంటారు.